‘వదిలేయనా?’: ‘ఫార్గో’ మొదటి ఎపిసోడ్ మీద ఒక రైటర్ కేస్ స్టడీ

క్రైమ్ కామెడీ సిరీస్ రాద్దామని కూర్చున్న ప్రతిసారీ రైటర్స్ రూమ్‌లో మొదట వచ్చే ప్రశ్న ఒకటే: “కామెడీ ఎవరు చేస్తారు?” హీరోకి ఒక ఫ్రెండు, స్టేషన్లో ఒక హెడ్ కానిస్టేబులు, వీధి చివర ఒక టీ కొట్టు ఓనరు అని బోర్డు మీద పేర్లు పడిపోతాయి. హత్యలది ఒక ట్రాక్, నవ్వులది ఇంకో ట్రాక్. ఎడిటింగ్‌కి వచ్చేసరికి రెండూ కలవవు. శవం కనిపించాక జోకు వినపడదు, జోకు పేలాక శవం మీద భయం ఉండదు.

ఇలాంటప్పుడు నేను టీమ్‌కి వేసి చూపించే ఎపిసోడ్ ‘ఫార్గో’ సిరీస్ మొదటి సీజన్లో మొదటిది, ‘ద క్రొకొడైల్స్ డైలెమా’. 2014 ఏప్రిల్ 15న అమెరికాలో ఎఫ్ఎక్స్ ఛానల్లో వచ్చింది. అందులో కామెడీకని విడిగా ట్రాక్ లేదు. నవ్వూ భయమూ రెండూ ఒకచోటి నుంచే పుడతాయి, అది మొహమాటం. ఎదుటివాడు బాధపడతాడేమో, గొడవవుతుందేమో అని చెప్పాల్సిన మాట మింగేసే మనుషుల మధ్యకి మొహమాటం అంటే ఏంటో తెలియనివాడు ఒకడు వస్తే ఏమవుతుంది? నాకు తెలిసి ఎపిసోడ్ మొత్తం ఇదే. ఇక్కడి నుంచి కథంతా విప్పి చెప్పేస్తాను. చూడనివాళ్ళు చూసొచ్చి చదివితే మంచిది.

ముందు నాలుగు ముక్కలు

కోయెన్ సోదరులు 1996లో తీసిన సినిమా పేరు మీదే ఈ సిరీస్ వచ్చింది. రాసింది నోవా హాలీ. మొదటి సీజన్ పది ఎపిసోడ్లూ ఆయనే రాశారు. మొదటి ఎపిసోడ్ డైరెక్టర్ ఆడమ్ బెర్న్‌స్టీన్. కోయెన్లు ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లు. సినిమాలో ఉన్న పాత్రల్ని హాలీ తెచ్చుకోలేదు. మంచు, మర్యాద, చిన్న ఊరు, చేతగాని సేల్స్‌మన్, ఓర్పున్న లేడీ పోలీసు, ఈ వాతావరణం మాత్రం తెచ్చుకున్నాడు. రీమేక్ రైట్స్ చేతిలో ఉంటే సీన్ టు సీన్ దింపేసే మనకి ఇదొక్కటే పెద్ద పాఠం, కానీ ఈ రోజు సంగతి అది కాదు. కథ జరిగేది మినెసోటా రాష్ట్రంలో బెమిడ్జి, డులూత్ అనే ఊళ్ళలో. షూటింగ్ జరిగింది కెనడాలో, క్యాల్గరీ చుట్టుపక్కల. ఫార్గో అనే ఊరు అసలు పక్క రాష్ట్రంలో, నార్త్ డకోటాలో ఉంది.

మొదట తెర మీద ఒక ప్రకటన పడుతుంది. ఇది నిజంగా జరిగిన కథ, 2006లో మినెసోటాలో జరిగింది, బతికున్నవాళ్ళ కోరిక మీద పేర్లు మార్చాం, పోయినవాళ్ళ మీద గౌరవంతో మిగతాదంతా జరిగింది జరిగినట్టు చెబుతున్నాం అని. ఇది పచ్చి అబద్ధం. కథ మొత్తం కల్పితం. మన దగ్గర ఊరంతటికీ తెలిసిన కేసుని సినిమాగా తీసి కూడా “ఇందులోని పాత్రలు కేవలం కల్పితం” అని వేస్తాం. వీళ్ళు దాన్ని తిరగేశారు. దానివల్ల వచ్చే లాభం పెద్దది. నిజంగా జరిగిందని ముందే చెబితే “అలా ఎలా జరుగుతుంది, లాజిక్ ఏది” అని ప్రేక్షకుడు అడ్డుపడడు. ఆ గంభీరమైన ప్రకటన తర్వాత రాత్రి పూట మంచు రోడ్డు మీద ఒక కారు జింకని గుద్ది పక్కకి దూసుకెళుతుంది. వెనక డిక్కీ తెరుచుకుంటుంది. అందులోంచి డ్రాయరు మాత్రమే వేసుకున్న ఒక మనిషి దిగి, ఆ గడ్డకట్టే చలిలో చెట్లలోకి పరిగెత్తుతాడు. పోయినవాళ్ళ మీద గౌరవం అని చెప్పి, వెంటనే పోబోయేవాడిని డ్రాయరుతో చూపించడంతోనే సిరీస్ టోన్ ఏంటో తేలిపోయింది. ఒక్క డైలాగు కూడా అక్కర్లేకపోయింది. నుదురు పగిలిన డ్రైవరు అతని వెంట పడడు. చలే ఆ పని చూసుకుంటుందని అతనికి తెలుసు.

ఆ డ్రైవరే లార్న్ మాల్వో, బిల్లీ బాబ్ థార్న్‌టన్ వేశాడు.

ఆస్పత్రి బెంచీ

నేను ఎక్కువసేపు ఆపి ఆపి చూపించే సీను ఇది. దీనికి ముందు కథ ఏంటంటే, లెస్టర్ నైగార్డ్ బెమిడ్జిలో ఇన్సూరెన్స్ అమ్మే మనిషి. మార్టిన్ ఫ్రీమన్ చేశాడు. ఇంట్లో భార్య పెర్ల్ తీసిపారేస్తుంది. తమ్ముడు చాజ్ అన్నిట్లోనూ ఇతనికంటే ముందున్నాడు. ఆఫీసులో ఒక యువ జంటకి పాలసీ చెప్పబోయి, మీరు పోతే ఏంటి, మీకేదైనా అయితే ఏంటి అని చావుల లిస్టు చదివి వాళ్ళని బెదరగొట్టుకుంటాడు. తర్వాత రోడ్డు మీద శామ్ హెస్ ఎదురవుతాడు. స్కూల్ రోజుల్లో ఇతన్ని ఏడిపించినవాడు, ఇప్పుడు ట్రక్కుల వ్యాపారం. కొడుకులిద్దరినీ పక్కన పెట్టుకుని లెస్టర్ పరువు తీస్తాడు. కొట్టడు, కొట్టినట్టు చెయ్యి ఎత్తుతాడు అంతే. లెస్టర్ భయపడి తిరిగి, షాపు అద్దానికి కొట్టుకుని తన ముక్కు తనే పగలగొట్టుకుంటాడు.

ఈ చిన్న విషయాన్ని మా టీమ్‌లో చాలామంది గమనించరు. హెస్ నిజంగా కొట్టి ఉంటే లెస్టర్ బాధితుడు, పోలీసు కేసు పెట్టొచ్చు. కొట్టలేదు కాబట్టి ఎవరికీ చెప్పుకోలేడు. అవమానం ఉంది, సాక్ష్యం లేదు. అందుకే ఆస్పత్రి బెంచీ మీద పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియనివాడు అడిగితే కక్కేస్తాడు.

ఆ పక్కవాడు మాల్వో. కారు గుద్దినప్పటి నుదుటి దెబ్బకి కుట్లు వేయించుకోవడానికి వచ్చాడు. ముక్కుకేమైందని అడుగుతాడు. లెస్టర్ నసుగుతూ చెబుతాడు. నీ జాగాలో నేనుంటే ఆ మనిషిని చంపేసేవాణ్ణి అంటాడు మాల్వో, వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా. లెస్టర్ నవ్వేసి, అంత తేలికనుకుంటే మీరే ఆ పని చేసిపెట్టండి అంటాడు. మన ఊళ్ళలో అరుగుల మీద రోజూ వినే మాటే ఇది. “వాణ్ణి ఎవరైనా నరికేస్తే బాగుండు” అని అనుకోనివాళ్ళెవరు? కానీ మాల్వో నవ్వడు. చంపమని నన్ను అడుగుతున్నావా అని తిరిగి అడుగుతాడు. లెస్టర్ కంగారుపడి, అబ్బే, ఊరికే అన్నానంటాడు. మాల్వో వదలడు. ఒక్కమాట చెప్పు, అవునా కాదా అని నిలదీస్తాడు. ఈలోపు లోపల్నుంచి పిలుపు వస్తుంది. లెస్టర్ అవుననీ అనకుండా, గట్టిగా కాదనీ అనకుండా లేచి వెళ్ళిపోతాడు.

ఇప్పుడు ఈ సీను నిర్మాణం చూద్దాం. పొద్దున ఆఫీసులో లెస్టర్ సేల్స్‌మన్, ఎదురుగా ఉన్నవాళ్ళు కస్టమర్లు. అతను మాట్లాడి మాట్లాడి డీల్ పోగొట్టుకున్నాడు. బెంచీ మీద సీట్లు మారాయి. ఇప్పుడు మాల్వో సేల్స్‌మన్, లెస్టర్ కస్టమర్. మాల్వో రెండు మూడు ప్రశ్నలడిగి ఊరుకుంటాడు, డీల్ కుదిరిపోతుంది, అదీ కస్టమర్ నోటి నుంచి మాట రాకుండానే. నవ్వు వచ్చేది ఇక్కడే, ఒళ్ళు జలదరించేదీ ఇక్కడే. సీన్లో పంచ్ డైలాగ్ ఒక్కటీ లేదు.

లెస్టర్ “అవును” అని ఉంటే ఇది సుపారీ కథ అయ్యేది. అలాంటివి బోలెడు చూశాం. “కాదు” అని ఉంటే మాల్వో ఒట్టి పిచ్చోడు, లెస్టర్ అమాయకుడు. రెంటికీ మధ్య ఆపడం వల్ల లెస్టర్ తప్పెంత అనే లెక్క ప్రేక్షకుడి మీద పడింది. మాల్వో తర్వాత ఒక క్లబ్బులో హెస్‌ని చంపేస్తాడు. ఆ హత్య చిటికెలో అయిపోతుంది, దాని మీద ఎపిసోడ్ ఎక్కువ టైమ్ పెట్టదు, నేనూ పెట్టను. అప్పటికి మనం కూడా హెస్ పోతే బాగుండని ఎక్కడో అనుకునే ఉంటాం.

టైటిల్‌కీ దీనికీ సంబంధముంది. పాత గ్రీకు తర్కంలో ఒక చిక్కుముడి ఉంది. ఒక మొసలి పిల్లాణ్ణి ఎత్తుకుపోయి, తండ్రితో బేరం పెడుతుంది: నేనేం చేస్తానో సరిగ్గా చెబితే పిల్లాణ్ణి ఇచ్చేస్తా అని. “నువ్వు ఇవ్వవు” అని తండ్రి అంటే మొసలి ఇరుక్కుపోతుంది. ఇస్తే తండ్రి మాట తప్పవుతుంది, తప్పు చెప్పినవాడికి ఇవ్వనక్కర్లేదు. ఇవ్వకపోతే మాట నిజమవుతుంది, అప్పుడు ఇవ్వాలి. సీజన్లో ‘బ్యూరిడాన్స్ ఆస్’, ‘హూ షేవ్డ్ ద బార్బర్?’, ‘ద హీప్’ లాంటి టైటిల్స్ కూడా ఇలాంటి తర్కపు చిక్కులే. తెలియకపోయినా ఎపిసోడ్ అర్థమవుతుంది. తెలిస్తే, అవునా కాదా అనే ప్రశ్న ఇక్కడ ఊరికే పడలేదని తెలుస్తుంది.

వాషింగ్ మెషీన్ నుంచి హాలు దాకా

ఎపిసోడ్ చివరి భాగం ఊపిరాడనివ్వదు. కానీ దానికి పునాది ఎక్కడో మొదట్లోనే, ఇంట్లో దడదడమని చప్పుడు చేసే వాషింగ్ మెషీన్‌తో పడింది. హెస్ పోయాక మాల్వో లెస్టర్‌తో ఒక మాటంటాడు. లోకంలో రూల్స్ ఉన్నాయనుకుంటూ నువ్వు బతుకంతా గడిపేశావు, అసలు రూల్సే లేవు అని. లెస్టర్‌కి అది తలకెక్కుతుంది. ఎక్కిన ధైర్యంతో అతను చేసే మొదటి వీరకార్యం ఏంటంటే బేస్‌మెంట్లోకి దిగి వాషింగ్ మెషీన్ రిపేరు చేయబోవడం. మన సినిమాల్లో అయితే ఇక్కడ బ్యాక్‌గ్రౌండ్ స్కోర్‌తో ఎలివేషన్ పడాలి. ఇక్కడ మెషీన్ ఇంకా పాడవుతుంది, పెర్ల్ ఎగతాళి చేస్తుంది. గోడ మీద ఒక పోస్టరు ఉంటుంది. చేపలన్నీ ఒకవైపు పోతుంటే ఒక్క చేప ఎదురు ఈదుతుంటుంది, ‘నువ్వే రైటై, వాళ్ళదే తప్పైతే?’ అన్న అర్థం వచ్చే వాక్యంతో. ఆఫీసు గోడల మీద ఉండే మోటివేషన్ పోస్టర్ లాంటిది. దాని కింద అతను సుత్తి అందుకుంటాడు.

ఆ సుత్తితో భార్యని చంపేశాక లెస్టర్ ఫోను చేసేది మాల్వోకే. చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు, ఏంటి లెస్టర్, చెడ్డ పని చేశావా అంటాడు మాల్వో. ఇక్కడ లెస్టర్‌ని హాలీ పూర్తిగా మార్చేస్తాడు. మాల్వోని పిలిచింది సాయం కోసం కాదు. ఇంటికి రప్పించి, షాట్‌గన్‌తో కాల్చేసి, భార్యని చంపింది కూడా వాడేనని చెప్పడానికి. మొదట్లో ఒక జంటకి పాలసీ అమ్మలేనివాడు ఇక్కడికొచ్చేసరికి ఇంత ప్లాన్ వేశాడు. పాపమనిపించినవాడి లోపల ఎంత విషం ఉందో అప్పటిదాకా మనకి తెలియనివ్వలేదు.

బెల్లు మోగుతుంది. తలుపు తీస్తే మాల్వో కాదు, పోలీస్ చీఫ్ వెర్న్ థర్మన్. హెస్ కేసులో ఆస్పత్రి సంగతి తెలిసి రెండు ప్రశ్నలు అడిగిపోదామని వచ్చాడు. గుమ్మం దగ్గర ఇద్దరూ మర్యాదగా మాట్లాడుకుంటారు. ఇద్దరూ మంచి పొరుగువాళ్ళలాగే ఉంటారు, ఒకరి ఇంట్లో శవం ఉంది అంతే. వెర్న్ కళ్ళు రక్తం మీద పడతాయి. తుపాకీ తీస్తాడు. వెనకనుంచి మాల్వో షాట్‌గన్ పేలుతుంది. వెర్న్ పడిపోతాడు, ఒక పెల్లెట్ లెస్టర్ చేతిలో దిగుతుంది. డెప్యూటీ మాలీ సాల్వర్సన్ వచ్చేసరికి మాల్వో లేడు. లెస్టర్ కిందికి పరిగెత్తి, తనూ దెబ్బలు తిన్నవాడిలా కనిపించడానికి తల గోడకేసి గట్టిగా కొట్టుకుంటాడు. మొదట అద్దానికి భయపడి కొట్టుకున్నాడు, చివర గోడకి కావాలని కొట్టుకున్నాడు. ఒకే మనిషి, ఒకే రకం దెబ్బ, కానీ మనిషి మారిపోయాడు. క్యారెక్టర్ ఆర్క్ అని మనం పేజీలు పేజీలు రాస్తాం, ఇక్కడ రెండు దెబ్బలతో పనైపోయింది.

ఇంకో దెబ్బ ప్రేక్షకుడికి. వెర్న్‌ని ఎపిసోడ్ అంతా హీరోలా చూపించారు. అనుభవం ఉంది, భార్య గర్భవతి, మంచు మీద ఆధారాలు మాలీ పట్టుకుంటుంటే మురిసిపోయే సీనియర్. నా తర్వాత చీఫ్‌వి నువ్వే కావాలని ఆమెకి చెబుతాడు కూడా. తిరిగి చూస్తే ఆ మాటే అతని పోస్టుమార్టం రిపోర్టు. మాలీగా చేసిన ఆలిసన్ టోల్మన్ అప్పటికి టీవీ ప్రేక్షకులకి పెద్దగా తెలియని, స్టేజీ నుంచి వచ్చిన నటి. తెలిసిన మొహాల మధ్య ఆమెని ఎవరూ లీడ్ అనుకోరు. షాట్‌గన్ పేలాక గానీ ఈ కథ ఎవరిదో తెలియదు. లీడ్ ఎంట్రీ మొదటి ఐదు నిమిషాల్లో పడాలని పట్టుబట్టేవాళ్ళకి నేను ఇది చూపిస్తాను. మాలీ ఎంట్రీ మొదట్లోనే పడింది, మనమే గుర్తుపట్టలేదు.

డులూత్ రోడ్డు

అసలు ముగింపు వేరే ఊళ్ళో ఉంది. రాత్రి డ్యూటీలో ఉన్న గస్ గ్రిమ్లీ అనే పోలీసు (కోలిన్ హ్యాంక్స్) వైర్‌లెస్‌లో కూతురుతో కబుర్లు చెబుతుంటాడు. స్పీడుగా పోయే కారుని ఆపుతాడు. లోపల మాల్వో, అదీ లెస్టర్ కారులో. లైసెన్సు అడిగితే మాల్వో ఇవ్వడు, బెదిరించడు కూడా. కొన్ని దారుల్లోకి వెళ్ళకపోవడం మంచిది, పాత మ్యాపుల్లో ఇక్కడ డ్రాగన్లుంటాయని రాసేవాళ్ళు, ఇప్పుడు రాయడం లేదు, అంతమాత్రాన డ్రాగన్లు లేవని కాదు అంటాడు. గస్ వదిలేస్తాడు.

మళ్ళీ అదే బెంచీ సీను. మాల్వో ఎదుటివాడి ముందు ఒక తలుపు తెరిచి నిలబడ్డాడు. లెస్టర్ నోరు మూసుకుని అందులోకి వెళ్ళాడు, గస్ నోరు మూసుకుని వెనక్కి వచ్చాడు. ఒకడు కోపంతో, ఇంకొకడు కూతురి మీద బెంగతో. రెండో ఎపిసోడ్ చూడాలనిపించేది హంతకుడు దొరుకుతాడా అని కాదు, వదిలేసినందుకు గస్ ఎలా నిద్రపోతాడా అని.

మేం చేసుకున్నది

ఈ కేసు చదివాక మా స్క్రిప్టులో మొదట మార్చింది బెంచీ సీనుకి సాటివచ్చే సీను. మా కథ కోస్తాలో ఒక చిన్న టౌన్లో జరుగుతుంది. మా లెస్టర్ ఒక సహకార సంఘంలో గుమస్తా. అతనూ ఆ కొత్తమనిషీ కలిసేది గవర్నమెంటాస్పత్రిలో ఓపీ చీటీ లైన్లో. మొదటి డ్రాఫ్టులో కొత్తమనిషి సూటిగా “చంపేయమంటావా?” అని అడిగేవాడు. చదివినప్పుడల్లా సీరియల్ విలన్ గుర్తొచ్చేవాడు. మన మనుషులు అలా అడగరు, వరసలు కలుపుతారు. అందుకని ఇలా రాశాం:

“పేరేంటన్నావ్ తమ్ముడూ, ఆ సంఘం ప్రెసిడెంటుది?”

“ఎందుకులెండన్నా, అయిపోయిందేదో అయిపోయింది. వదిలేయండి.”

“నువ్వు వదిలేయమంటే వదిలేస్తా. నిజంగా వదిలేయనా?”

అక్కడ కాంపౌండర్ నంబర్ పిలుస్తాడు, గుమస్తా చీటీ పట్టుకుని లేస్తాడు. టేబుల్ రీడింగ్‌లో ఆ “వదిలేయనా?” దగ్గర నవ్వు వచ్చి సగంలో ఆగిపోయింది. సరిగ్గా అదే కావాలి.

తీసుకోలేనివి కొన్ని ఉన్నాయి. ఇంట్లో షాట్‌గన్ ఉండటం మినెసోటాలో మామూలు. మన గుమస్తా ఇంట్లో తుపాకీ ఉంటే ముందు లైసెన్సు కథ చెప్పాలి. రోడ్డు మీద ఒక్క పోలీసు ఒంటరిగా కారు ఆపడం కూడా మన దగ్గర నమ్మశక్యంగా ఉండదు. ఇద్దరు ముగ్గురుంటారు, పైగా ఎవరో ఒకరు ఫోన్లో ఫొటో తీసి చలానా వేస్తారు. గస్ సీనుని టోల్‌గేట్ దగ్గర రాత్రి షిఫ్టు కుర్రాడికి మార్చాం. మాట్లాడే టైము తక్కువే, అయినా నిలబడింది.

ఎపిసోడ్లో నాకు నచ్చనిది పెర్ల్. ఎత్తిపొడవడం తప్ప ఆమెకి వేరే పని రాయలేదు. అన్ని పాత్రలకీ రెండేసి పొరలు పెట్టిన హాలీ, కథలో అతి ముఖ్యమైన హత్యకి బలయ్యే మనిషికి ఒక్క పొరతో సరిపెట్టాడు. ఆమె చనిపోయినప్పుడు మనం ఉలిక్కిపడతాం గానీ ఆమె కోసం బాధపడం. గయ్యాళి భార్య జోకుల మీద దశాబ్దాలుగా బతికిన మన కామెడీలో ఇది ఇంకా ప్రమాదం. ప్రేక్షకుడు సుత్తికి చప్పట్లు కొడతాడు. మాకు వచ్చిన నోట్స్‌లో కూడా “భార్యకి నెగెటివ్ షేడ్ పెంచండి, హీరో మీద సింపతీ నిలబడుతుంది” అని ఉంది. మేం ఒప్పుకోలేదు. మా గుమస్తా భార్య ఎత్తిపొడవదు. మోటారు కాలిపోయిందయ్యా, మెకానిక్‌ని పిలువు అని నెల రోజులుగా అడుగుతోంది. ఆమె చెప్పేది కరెక్టు, మోటారు నిజంగానే కాలిపోయింది. అతను మెకానిక్‌ని పిలవకపోవడానికి కారణం, పోయినసారి డబ్బులు బాకీ పడ్డాడు, ఆ మాట ఆమెకి చెప్పలేదు.